భూమి ఎదురొస్తుందన్న మాస్టారు

లేగోస్ నుంచి నైరోబీకి విమానం ఎంతసేపు పోతుందో చెప్పాలంటే గిద్దలూరులో నన్ను మించినవాడు లేడనుకున్నాను. రిటైరయ్యేదాకా పిల్లలకు అక్షాంశాలు, రేఖాంశాలు నూరిపోసిన సోషల్ మాస్టారిని మరి.

మా మేనల్లుడికి నైజీరియాలోని లేగోస్ నుంచి కెన్యా రాజధాని నైరోబీకి బదిలీ అయింది. వెళ్లిన నెలకే పాత ఆఫీసు లెక్కలు అప్పజెప్పడానికి మళ్లీ లేగోస్ పోవాల్సొచ్చింది. రెండు టికెట్లూ ఫోన్లో పంపాడు. మొదటిది మధ్యాహ్నం 12కి బయల్దేరి రాత్రి 7:30కి దిగింది. రెండోది 12కి ఎక్కితే 3:30కే దింపేస్తుందట. మనవడి చేతిలోని మార్కాపురం పలక లాక్కుని తీసివేతలు వేశాను. పోను ఏడున్నర గంటలు, రాను మూడున్నర! దూరమేమో ఎటైనా అదే, సుమారు 3,800 కిలోమీటర్లు.

ఇదేమిటని అక్కడే ఆగి ఆలోచించి ఉంటే పరువు దక్కేది. సాయంత్రం టీ బంకు దగ్గర సిద్ధాంతం విప్పాను: "భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుందా? తూర్పుకు పోయే విమానం దాన్ని తరుముకుంటూ పోవాలి. పడమరకు పోయేదానికి ఊరే ఎదురొస్తుంది." ఎవరూ నోరెత్తలేదు. భూమితో పాటు గాలీ తిరుగుతుందన్న సంగతి ఆ పూట నాకు తట్టనే లేదు. నా మాటే నిజమైతే, నల్లమల మీద గంటసేపు చక్కర్లు కొట్టిన గద్ద కిందికి దిగేసరికి అరేబియా సముద్రంలో పడాలి.

అక్కకూ అదే పాఠం చెప్పాను. ఆమె బడి మొహం చూడలేదు. కందులు చెరుగుతూనే అంది: "అదేందిరా అబ్బయా! వాడు లేగోస్‌లో ఒంటిగంటన్నరకు అన్నం తింటా ఫోన్ చేస్తే నాకీడ దీపం పెట్టే పొద్దయ్యేది. ఇప్పుడు నైరోబీలో అదే టయానికి చేస్తే నాకు నాలుగే అవుతుంది. ఆడ గడియారమూ ఈడ గడియారమూ ఒకటెట్టయిద్దిరా?"

ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల తేడా అని, మన దేశానికి టైము చెప్పే 82½ డిగ్రీల గీత కాకినాడ పక్కనుంచే పోతుందని ఏటేటా గొంతు చించుకున్న నోరు ఇది. గ్రీనిచ్ కన్నా లేగోస్ ఒక గంట ముందు, నైరోబీ మూడు గంటలు ముందు. పోయేటప్పటి లెక్కలోంచి రెండు గంటలు తీసేసి, వచ్చేటప్పటి లెక్కకు రెండు కలిపితే రెండూ ఐదున్నర గంటలే. నాకది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. అక్కకు కొడుకు అన్నం తిన్నాడో లేదో తెలిసే వేళ.

ఆమె ముందు ఒప్పుకున్నాను గానీ, టీ బంకు దగ్గర నోరు రాలేదు. మొన్న దుబాయి పోయే కుర్రాడికి ఒకాయన ధైర్యం చెబుతున్నాడు: "పడమరకే గదా, భూమి ఎదురొస్తుంది, ఇట్టే దిగిపోతావు. మన మాస్టారే చెప్పారు." అందరూ నావైపు చూశారు. తలూపాను. టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు.