చదివి వెళ్లిపోయేవాడు కావలెను

మా అమ్మమ్మకు చదువు రాదు. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసే మామయ్య దగ్గర్నుంచి ఉత్తరం వస్తే పోస్టుమ్యానే అరుగు మీద కూర్చుని చదివిపెట్టేవాడు. చదివేవాడు, గ్లాసుడు మజ్జిగ తాగేవాడు, సైకిలెక్కి వెళ్లిపోయేవాడు. ఉత్తరంలో "బీరువాలో డబ్బు తీసి పంపు" అని ఉంటే ఆ మాట పైకి చదివేవాడే తప్ప, లేచి వెళ్లి బీరువా తెరిచేవాడు కాదు. ఇందులో గొప్పేముందని అప్పట్లో అనుకునేవాళ్లం. ఆఫీసు కంప్యూటర్‌లో పీడీఎఫ్ రీడర్‌తో వేగాక గానీ ఆయన ఎంతటి మహానుభావుడో తెలిసిరాలేదు.

మా సెక్షన్ కంప్యూటర్‌కు ఉన్నది 4 జీబీ ర్యామ్, పాతకాలం హార్డ్ డిస్కు. పొద్దున్నే కరెంటు బిల్లు ఫైలు మీద రెండుసార్లు నొక్కి టీకి వెళ్లొస్తే, అప్పటికి తెర మీద రీడర్ పేరు ప్రత్యక్షమవుతుంది. బిల్లు కనబడదు. ముందు లాగిన్ అవమంటుంది. తర్వాత తననే డిఫాల్ట్ చేసుకోమంటుంది. ఇవాళ వద్దంటే పెళ్లిళ్ల పేరయ్యలా రేపు మళ్లీ వస్తుంది. కుడిపక్కన వారం రోజులు ఉచితం, ఆపైన నెలకింత అని బోర్డు. ఈ చెక్‌పోస్టులన్నీ దాటాక ఒక్కటంటే ఒక్క పేజీ ఉన్న ఆ బిల్లు చూపించి, "ఇది పెద్ద డాక్యుమెంట్‌లా ఉంది, సారాంశం చెప్పమంటారా?" అని ఏఐ ఏకరువు మొదలుపెడుతుంది. కట్టాల్సింది 6,412 రూపాయలు. అందులో సారాంశం ఏముంటుంది, సారం పోవడం తప్ప!

సిస్టమ్స్ చూసే కుర్రాణ్ని పిలిచాను. "దీంట్లో సంతకాలు పెట్టొచ్చు సార్, ఫారాలు నింపొచ్చు, క్లౌడ్‌లో దాచుకోవచ్చు" అన్నాడు.

"చదవొచ్చా నాయనా?" అన్నాను.

"దానికైతే ర్యామ్ వేయించాలి సార్" అన్నాడు.

పీడీఎఫ్‌ది నిజానికి సాత్విక జన్మ. ఏ యంత్రంలో తెరిచినా, ఏ ప్రింటర్‌లో తీసినా కాగితం ఒకేలా కనబడాలన్న ఆలోచనను అడోబి స్థాపకుల్లో ఒకరైన జాన్ వార్నాక్ 1991లో కాగితం మీద పెట్టారు. 1993లో పీడీఎఫ్ బయటికొచ్చింది. 2008లో ఐఎస్‌ఓ ప్రమాణమైంది. అంటే ఆ కాగితాన్ని చదివే సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా తయారు చేసుకోవచ్చు. ఈలోగా కాగితానికే కాళ్లూ చేతులూ మొలిచాయి. లోపల వేరే ఫైళ్లు దాచొచ్చు, వీడియోలు పెట్టొచ్చు. ఫారాల్లో కూడికలు వాటంతటవే పడాలని జావాస్క్రిప్ట్ కూడా చేర్చారు. కూడికలు వచ్చినవాడికి తీసివేతలు రావా? దొంగలకు ఆ సందు చాలు. ఉత్తరంలో రాసిన మాట చదవడమే కాక, రాసిన పనీ చేసిపెట్టే పోస్టుమ్యాన్ దొరికాడు వాళ్లకి.

జావాస్క్రిప్ట్ ఒక్కదాన్నే అనుకోవడం కూడా న్యాయం కాదు. స్కాన్ కాగితాల సైజు తగ్గించడానికి జేబిగ్2 అనే పద్ధతి ఒకటుంది. పాత కాగితాలు మడతపెట్టే పని, ఎవరి జోలికీ పోనిది. దాన్ని విప్పి చదవడంలో ఉన్న లోపాన్ని పట్టుకుని 2009లో అడోబి రీడర్ మీద దాడులు చేశారు. 2021లో అదే జేబిగ్2 ఇంకోచోట తేలింది. జిఫ్ బొమ్మ పేరు తగిలించిన పీడీఎఫ్‌ను ఐఫోన్లకు పంపి, ఫోను యజమాని ఎక్కడా నొక్కకుండానే పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్‌ను లోపలికి దించారు. నీతి ఏమిటంటే, చదివేవాడికి ఎన్ని విద్యలు వస్తే దొంగకు అన్ని గుమ్మాలు.

కాబట్టి విద్యలు తక్కువున్నవాణ్ని వెతకాలి. ఆఫీసంతా సలహాలిచ్చింది. అకౌంట్సాయన "మా బామ్మర్ది దగ్గర క్రాక్ చేసిన ఫుల్ వెర్షన్ ఉంది, పెన్‌డ్రైవ్‌లో తెస్తా" అన్నాడు. పక్కింటి తాళం పగలగొట్టినవాణ్నే మనింటికి కాపలా పెట్టుకోవడం అది. టైపిస్టమ్మగారు 'ఫ్రీ పీడీఎఫ్' అని వెతికితే ఐదు పచ్చటి డౌన్‌లోడ్ బటన్లున్న పేజీ వచ్చింది. నాలుగు ప్రకటనలు. ఐదోది నొక్కితే రీడర్ వచ్చింది, దాని వెనకాలే పెళ్లికొడుకు వెంట విడిదికి దిగిన చుట్టాల్లా టూల్‌బారు, డ్రైవర్ అప్‌డేటరు, ఎవరో తెలియని యాంటీవైరసు. ఇన్‌వర్డ్ కుర్రాడు "ఇవన్నీ ఎందుకు సార్, ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేస్తే అదే తెరిచిపెడుతుంది" అన్నాడు. జీతాల పట్టీ తీసుకెళ్లి బస్టాండులో కనబడ్డవాడి చేతికిచ్చి, కాస్త చదివిపెట్టు బాబూ అనడమే.

చివరికి సుమత్రా పీడీఎఫ్ దగ్గర ఆగాను. 2006 నుంచి ఉన్నది, ఓపెన్ సోర్స్. డబ్బడగదు, లాగిన్ అడగదు. దాని సొంత సైటు నుంచి దించుకునే ఫైలు 15 ఎంబీ లోపే. పోర్టబుల్ రకం తెచ్చుకుంటే ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. ముఖ్యంగా, పీడీఎఫ్‌లో దాగిన జావాస్క్రిప్ట్‌ను నడపదు. కొత్తగా ఏదీ వద్దనుకుంటే ఇంట్లో మనిషే ఉన్నాడు: ఫైర్‌ఫాక్స్ 2013 నుంచి పీడీఎఫ్‌లు తనే చూపిస్తోంది, క్రోమ్, ఎడ్జ్ కూడా చూపిస్తాయి. చిన్నవి కనక లోపాలే ఉండవని కాదు. గుమ్మాలు తక్కువ, వెయ్యాల్సిన గొళ్లాలూ తక్కువ, అంతే. అప్‌డేట్లు వీటికీ తప్పవు.

సుమత్రాతో తీరని పనులూ ఉన్నాయి. ఈ-ఆధార్ దించుకున్నారనుకోండి. దాని పాస్‌వర్డు మీ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, మీరు పుట్టిన సంవత్సరం. ఊరందరికీ తెలిసిన రహస్యం. తెరవగానే డిజిటల్ సంతకం దగ్గర పసుపుపచ్చ ప్రశ్నార్థకం కనబడుతుంది. మనమెవరమో సర్కారుకు తెలుసు, సర్కారెవరో కంప్యూటర్‌కు తెలియదు. సంతకాన్ని సరిచూసి ఆ ప్రశ్నార్థకాన్ని పచ్చ టిక్కుగా మార్చడం సుమత్రాకు చేతకాదు. అందుకు పెద్ద రీడర్ గడప తొక్కాల్సిందే. తొక్కేముందు దాని సెట్టింగుల్లో జావాస్క్రిప్ట్ ఎదురుగా ఉన్న టిక్కు తీసేయండి. అడోబి 2010లో తెచ్చిన ప్రొటెక్టెడ్ మోడ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

ఏ రీడరూ ఆపలేనిది ఒకటుంది. 'బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ' అని మెయిల్లో వస్తుంది. విండోస్ మర్యాదగా ఆ చివరి తోకను దాచేసి 'బిల్లు.పీడీఎఫ్' అని చూపిస్తుంది. అది ఉత్తరం కాదు, ఉత్తరం వేషంలో వచ్చిన మనిషి. తోకలు కనబడేలా సెట్టింగు మార్చుకోవడం ఒక్కటే మందు.

ఇదంతా అర పేజీ నోటుగా రాసి ఆఫీసరుగారికి పెట్టాను. మూడు వారాలకు సర్క్యులర్ వచ్చింది: సిబ్బంది యావన్మందీ ఇకపై తేలికైన రీడరునే వాడవలెను. రెండే లైన్లు. టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టి, ఫోనుతో స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పంపారు. కాగితం కొంచెం వంకరగా పడింది. కింది మూలలో అటెండరు బొటనవేలు. సైజు చూస్తే 31 ఎంబీ. చదివేవాడి కన్నా ఉత్తరమే రెండింతల బరువు.

సుమత్రా కిక్కురుమనకుండా తెరిచి, రెండు లైన్లూ చూపించింది, బొటనవేలూ చూపించింది. మజ్జిగ కూడా అడగలేదు.