పట్టాల పక్కన నిలబడ్డ హెచ్చరిక బోర్డు గారికి

మహారాజశ్రీ హెచ్చరిక బోర్డు గారికి, కర్ణాటకలోని చింతామణి తాలూకా నుంచి ఒక కాలినడక మనిషి నమస్కరించి రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగాల్సిన పని లేదు, దారిలోనే కదా ఉన్నారు, చూస్తూనే ఉన్నాను. కన్నడ వరస మీద ఎవరో పదో తరగతి ట్యూషన్ కాగితం అంటించారు, సగం వానకు నాని ఊడిపోయింది. హిందీ వరస మీద బాణం దిగిన గుండెకాయ, అటొక పొడి అక్షరం, ఇటొక పొడి అక్షరం. ఇంగ్లీషు వరసలో ‘డు నాట్ క్రాస్’ అని ఉండాల్సిన చోట ‘నాట్’ను ఒక పుణ్యాత్ముడు కంకర రాయితో ఓపిగ్గా గీకేశాడు. దాంతో కన్నడమూ హిందీయూ రాని బాటసారికి ఇప్పుడు మీరిచ్చే ఆజ్ఞ ఏమిటంటే, పట్టాలు దాటి తీరమని.

మీ హోదా నాకు తెలియంది కాదు. 1989 నాటి రైల్వే చట్టం, సెక్షన్ 147, మీ వెనక నిలబడి ఉంది. అనుమతి లేకుండా రైల్వే జాగాలో అడుగు పెడితే ఆరు నెలల దాకా జైలు, లేదంటే 1,000 రూపాయల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. మీ ఒంటిమీది అక్షరాలు చెరిపినవాడికి సెక్షన్ 166: నెల దాకా జైలు, లేదా 500 దాకా జరిమానా, లేదా రెండూ. స్టేషన్ గోడ మీదో రైలు పెట్టె లోపలో రాసినా, బొమ్మ గీసినా, పోస్టరు అంటించినా 2012 నాటి శుభ్రత నిబంధనల కింద 500 దాకా జరిమానా. లెక్క చూస్తే మిమ్మల్ని చెడగొట్టినవాడి కంటే మీ మాట విననివాడే పెద్ద దోషి. అధికారుల లోకంలో ఇది మామూలే అనుకోండి. బోర్డు పోతే ఇంకోటి పాతుకోవచ్చు, మాట పోతే ఎట్లా?

నా గొడవ శిక్షల గురించి కాదు. పట్టాలు దాటేవాణ్ణీ గోడలు గీకేవాణ్ణీ మీరు ఒకే గాటన కట్టేశారు. ఒకే కళ్ళతో ఇద్దర్నీ ఉరిమి చూస్తారు. మొదటివాడికి పని ఉందండీ. రెండోవాడికి పని లేదు. ఈ తేడా మీకు చెప్పిపోదామనే ఈ ఉత్తరం.

ముందు దాటేవాళ్ళ సంగతి. మీరు పుట్టక మునుపటి మాట: 1915లో బెంగళూరు వైపు నుంచి చిక్కబళ్లాపురకు చిన్న రైలు వచ్చింది. అటు బంగారుపేట, కోలారు నుంచి శ్రీనివాసపుర, చింతామణి, శిడ్లఘట్ట మీదుగా ఇంకో లైను వచ్చి దాన్ని కలిసింది. పట్టాల మధ్య రెండున్నర అడుగులు. ఆ రైలు పోతూ ఉండగానే దిగి, పని చూసుకుని, మళ్ళీ పరిగెత్తి ఎక్కేవాళ్ళమని మా పెద్దవాళ్ళు గొప్పలు పోయేవాళ్ళు. అందులో సగం తీసేసినా మిగిలిన సగం నిజమే. తర్వాత గేజ్ మార్చాలని ఆ రైలును ఆపారు. కోలారు నుంచి చిక్కబళ్లాపుర దాకా బ్రాడ్ గేజ్ మీద రైలు తిరగడం 2013 నవంబరులో గానీ మొదలవలేదు. రైలు లేనన్నాళ్ళూ కట్ట మాది. ఆవులు, మేకలు, బడిపిల్లలు, తల మీద మల్బరీ మోపులు, అందరూ కట్ట మీదే. రైలైతే తిరిగొచ్చింది గానీ అన్నేళ్ళు కాళ్ళకు అలవాటైన దావ ఎక్కడికి పోతుంది?

మీకు నాలుగు బారల దూరంలో కంచె తీగ వంగి ఉంది, గమనించే ఉంటారు. ఆ సందులోంచి పొద్దున ఒకాయన టీవీఎస్ మోపెడ్‌ను పక్కకు వంచి, వెనక కట్టిన పట్టుగూళ్ళ సంచులు తీగకు తగలకుండా ఒక చేత్తో పట్టుకుని, అట్లాగే కంకర మీదికి ఎక్కించాడు. గూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్‌కు పోవాలి, ఆలస్యమైతే వేలంపాట అయిపోతుంది. వెనకే గడ్డి మోపుతో ఒక అవ్వ.

“అవ్వా, రైలొచ్చే టైము.”

“రానీ నాయనా. దానికి ఒకటే దావ. నేను పక్కకు పోగలను, అది పోలేదు గదా.”

ఈ తర్కానికి మీ మూడు భాషల్లో ఏ భాషలోనూ జవాబు లేదు. నా దగ్గరా లేదు. కానీ అవ్వ లెక్క పొగబండి కాలందని నాకు తెలుసు. ఇప్పుడు చిక్కబళ్లాపురకు వచ్చేది మెము అనే కరెంటు బండి. మెము వచ్చే చప్పుడు డీజిల్ ఇంజను మాదిరి ఊరవతల నుంచే వినబడదు, వినబడేసరికి వచ్చేసి ఉంటుంది. వంద కిలోమీటర్ల వేగంలో ఉన్న బండికి బ్రేకు వేస్తే ఆగేసరికి కిలోమీటరుకు దగ్గర దగ్గర పోతుంది. మీ తమ్ముడు, ఆ పసుపుపచ్చ ‘డబ్ల్యూ/ఎల్’ బోర్డు, గేటు ముందు కూత వేయమని లోకో పైలట్‌కు చెప్తాడు. వంగిన కంచె దగ్గర కూత వేయమని చెప్పే బోర్డు ఎవరూ పాతలేదు.

2012లో అనిల్ కాకోద్కర్ కమిటీ రైల్వే భద్రత మీద ఇచ్చిన నివేదికలో, దేశంలో ఏటా సుమారు 15,000 మంది ఇట్లా పట్టాల మీద ప్రాణాలు వదులుతున్నారని, అందులో 6,000 దాకా ఒక్క ముంబై లోకల్ లైన్లలోనే అని రాసింది. ఊచకోత అనదగ్గ మాటే వాడింది. ఆ పోయినవాళ్ళ ఇళ్ళకు పరిహారం అడిగే దారి కూడా ఉండదు, వాళ్ళు ప్రయాణికులు కారు, మీ భాషలో చొరబాటుదారులు.

మరి దాటడానికి సరైన చోటు లేదా అంటారా? ఉంది. 2019 జనవరి నాటికి దేశంలో బ్రాడ్ గేజ్ మీద కాపలా లేని గేట్లన్నీ ఎత్తేశారు. మంచి పని చేశారు, ఆ గేట్ల దగ్గర ఎన్ని ట్రాక్టర్లు నుజ్జయ్యాయో. వాటి బదులు చాలా చోట్ల అండర్‌పాస్ కట్టారు. అండర్‌పాస్ ఎండాకాలంలో దారి, వానాకాలంలో కుంట. మోకాటి లోతు నీళ్ళలో దిగి తడవాలా, కట్టెక్కి ప్రాణం పణం పెట్టాలా అంటే, గడ్డి మోపు నెత్తిన ఉన్న మనిషి కట్టే ఎక్కుతుంది. నీళ్ళు తోడే మోటారు ఎవరు పెట్టాలన్న దగ్గర ఏ ఊళ్ళో చూసినా కాగితం ఆగిపోయి ఉంటుంది. ఆ కాగితం కదిలిందాకా సెక్షన్ 147 కాలినడక వాళ్ళ మీద పెట్టడం అన్యాయం.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పట్టాల మీద నడిచేవాళ్ళూ, వచ్చే బండి ముందు నిలబడి రీలు తీసేవాళ్ళూ ఈ వకాల్తాలో లేరు. వాళ్ళను మీరు పట్టుకోండి, నేను చూపిస్తాను.

ఇక గీకేవాళ్ళు. నంది హాల్ట్‌ను చూడండి. పెంకుల కప్పు, చుట్టూ చెట్లు, తలెత్తితే నంది కొండ. నూరేళ్ళ నాటి చిన్న స్టేషన్. ఆ వరసలో దొడ్డజాల, ఆవతిహళ్ళి, దేవనహళ్ళి స్టేషన్లూ ఆ కాలంవే. ఇలాంటి కట్టడం ఖాళీగా ఉంటే చాలు, మనవాళ్ళకు చెయ్యి దురద పుడుతుంది. బొగ్గుతో పేర్లు, మేకుతో గుండెకాయలు, ఎవరి ఫోను నంబరో, దాని కింద రాయకూడని మాట. పాత కట్టడాలను కాపాడే ఇన్‌టాక్ సంస్థ రైల్వేతో కలిసి ఈ పాత స్టేషన్లను బాగుచేసే పని పట్టిందంటే, సున్నం గోడ నూరేళ్ళ వానకు తట్టుకుంది గానీ మన మేకుకు తట్టుకోలేదని కూడా అర్థం. ఈ గీకేవాళ్ళకు పోయే దారి లేక కాదు, చూసే జనం లేక. తన పేరు ఎవరో ఒకరు చదవాలి, అంతే రోగం.

ఈ రోగానికి జైలు మందు కాదు. న్యూయార్క్ సబ్‌వేలో డెబ్బైలలో పెట్టెలు లోపలా బయటా రంగుల రాతలతో నిండిపోయేవి. రాసేవాళ్ళను పట్టుకున్నారు, కంచెలు వేశారు, లాభం లేకపోయింది. 1984లో ఒక పని మొదలుపెట్టారు: శుభ్రం చేసిన పెట్టె మీద మళ్ళీ రాత కనిపిస్తే తుడిచేదాకా దాన్ని బయటికి వదలకూడదు. రాసినవాడు తన పేరు ఊరంతా తిరుగుతుంటే చూసుకుందామనుకుంటాడు, ఆ పేరు షెడ్డు దాటదు. 1989 మే నాటికి రాతలున్న చివరి పెట్టెను కూడా పక్కన పెట్టేశారు. అదే ఏడు మన పార్లమెంటు రైల్వే చట్టం చేసింది. వాళ్ళు బకెట్టూ బ్రష్షూ పట్టుకున్నారు, మనం సెక్షన్ నంబర్లు పట్టుకున్నాం.

గోడలు గీకడం మన ఊరి ఒక్కదాని జాడ్యం కాదులెండి. 2022లో అహ్మదాబాద్ మెట్రో పెట్టెల మీద రంగు స్ప్రే చేశారని నలుగురు ఇటలీ వాళ్ళను అరెస్టు చేశారు. అంత దూరం నుంచి ఖర్చు పెట్టుకుని వచ్చి గోడ పాడుచేసే భక్తి మనవాళ్ళకు ఇంకా అబ్బలేదు.

మధ్యలో బాగేపల్లి వాళ్ళ మాట కూడా మీ చెవిన వేయాలి. వాళ్ళు నా మీద కోపంగా ఉన్నారు, మీకు చొరబడే భాగ్యమైనా ఉందని. వాళ్ళకు హైదరాబాద్ హైవే ఉంది, రైలు లేదు. బాగేపల్లి మీదుగా పుట్టపర్తికి లైను వేస్తామన్న మాట ఏళ్ళుగా కాగితం మీదే ప్రయాణం చేస్తోంది. 2025 జూలైలో నంది కొండ మీద కూర్చుని రాష్ట్ర మంత్రివర్గం ఆ ఊరికి భాగ్యనగర అని పేరు మార్చాలని నిర్ణయించింది. పేరు సిద్ధం, రాయడానికి స్టేషన్ బోర్డు లేదు. గోడ మీద రాయడమంటే అక్కడివాళ్ళకు కొత్తా కాదు. సీపీఎం తరఫున జి.వి. శ్రీరామరెడ్డి రెండుసార్లు, 1994లోనూ 2004లోనూ, అక్కడ గెలిచారు. సుత్తీ కొడవలీ నక్షత్రం గోడ మీద పొందిగ్గా వేయగల చేతులు ఆ తాలూకాలో ఉన్నాయి. రైలు వచ్చిన రోజున వాళ్ళ గోడలు మన గోడలకంటే అందంగా పాడవుతాయని నా అంచనా.

కాబట్టి బోర్డు గారూ, వచ్చేసారి మీకు రంగు వేయడానికి మనిషి వచ్చినప్పుడు మూడు విషయాలు గట్టిగా అడగండి. మీ మీదా స్టేషన్ గోడ మీదా రాత కనిపించిన మర్నాటికల్లా అది తుడిచెయ్యాలని. ‘దాటరాదు’ అన్న మాట కింద, ఎక్కడ దాటవచ్చో, అది ఎంత దూరమో, ఒక బాణం గుర్తు వేయాలని. ఆ బాణం చూపించే అండర్‌పాస్‌లో మోటారు పెట్టి వానాకాలం ముందే నీళ్ళు తోడించాలని.

మూడోది అయిందాకా అవ్వ మీ ముందు నుంచే పోతుంది. కేసు పెట్టేటట్టయితే సాక్షిగా నన్ను పిలవండి, నేనూ ఆమె వెనకే ఉంటాను.

ఇట్లు,
మీ మాట రోజూ చదివి, రోజూ దాటే
ఒక కాలినడక మనిషి