తెల్ల డిప్పర్ ఆత్మకథ

పెందుర్తి ఇళ్ల వెనక నీళ్లతొట్లు, మేడమీది ట్యాంకులు, కాలువ గట్లు తిరిగే పొడుగుకాడ గిన్నె ఒకటి తన కథ చెప్పుకుంటోంది. మలేరియా సిబ్బంది దాన్ని డిప్పర్ అంటారు. దాని తెలుపు అందం కోసం కాదు. గోధుమరంగు దోమపిల్లలు కంటికి ఆనాలంటే వెనక తెలుపు ఉండాలి.

నీటిమీద మనిషి నీడ పడితే చాలు, పిల్లలన్నీ అడుక్కి దిగిపోతాయి. కాస్సేపు ఆగితే ఊపిరి కోసం పైకి వస్తాయి. డిప్పర్ ముంచాల్సింది అప్పుడే.

"ఇవి ఉత్త నీటిపురుగులే కదా బాబూ?" అని ఓ ఇంటి అమ్మగారు అడిగారు.

"కాదమ్మా, దోమపిల్లలు. ఎలా వేలాడుతున్నాయో చూడండి" అన్నాడు డిప్పర్ పట్టుకున్న కుర్రాడు.

గుర్తు పట్టడమంతా ఆ వేలాడే తీరులోనే ఉంది. క్యూలెక్స్ పిల్లకు తోకవైపు పొడవాటి, సన్నని గాలిగొట్టం ఉంటుంది. దాని కొస నీటిపైకి ఆనించి, తల కిందికి పెట్టి ఏటవాలుగా నిలుస్తుంది. బోదకాలును ఎక్కువగా వ్యాపింపజేసేది ఈ జాతి దోమే. డెంగీ తెచ్చే ఈడిస్‌కు గొట్టం పొట్టిగా, లావుగా ఉంటుంది. అది దాదాపు నిట్టనిలువుగా వేలాడుతుంది. అనాఫిలిస్‌కు గొట్టమే లేదు. అందుకే నీటిపైన బల్లపరుపుగా పడుకుని, తలను పూర్తిగా వెనక్కి తిప్పి మేత మేస్తుంది. పెందుర్తి మీదుగా అరకు వెళ్లే దారిలో, మన్యం ఊళ్లను ఏళ్ల తరబడి పీడించిన మలేరియా ఈ దోమదే. కాబట్టి గిన్నెలో ఒక్క పిల్ల అడ్డంగా పడుకుని కనబడినా డిప్పర్‌కు గుండె జల్లుమంటుంది.

జాతి తేడా ఎంత ముఖ్యమో సికింద్రాబాద్ చెబుతుంది. మలేరియా ఎలా వ్యాపిస్తుందో వెతుకుతూ అక్కడ డాక్టర్ రొనాల్డ్ రాస్ ఎన్నాళ్లో క్యూలెక్స్, ఈడిస్ దోమల్ని కోసి చూశాడు. మలేరియా జాడ దొరకలేదు. 1897 ఆగస్టులో సహాయకులు పట్టితెచ్చిన దోమపిల్లల్లోంచి రెక్కల మీద మచ్చలున్న దోమలు పుట్టాయి. అవి అనాఫిలిస్. వాటిచేత హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించి, ఆగస్టు 20న ఒకదాని పొట్టగోడలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

చలిదేశాల వాగుల్లో వింటర్ స్టోన్‌ఫ్లై అనే పురుగు పిల్లల్ని పోల్చేవాళ్లూ ఇలాగే శరీరమే చూస్తారు. దానికి తోకలు రెండు, కాలి చివర గోళ్లు రెండు. మేఫ్లై అనే మరో పురుగు పిల్లకైతే గోరు ఒకటే, తోకలు ఎక్కువగా మూడు, మొప్పలు పొట్ట పక్కల. టీనియోప్టెరిక్స్ అనే వింటర్ స్టోన్‌ఫ్లైకి మాత్రం ప్రతి కాలి మొదట్లో ఒక సన్నని మొప్ప ఉంటుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్‌తోనే బతకాలి గనుక అవి చల్లని, శుభ్రమైన వాగుల్ని వదలవు. పెద్దవై చలికాలం చివర మంచుమీద నడుస్తాయి. అదే పైగాలి పీల్చే క్యూలెక్స్ పిల్లయితే మురుగులోనూ పెరుగుతుంది.

ఏ జాతో చూడకుండా మందు పోస్తే లాభం లేదంటుంది డిప్పర్. క్యూలెక్స్ కోసం కాలువ శుభ్రం చేయాలి. ఈడిస్ కోసం డ్రమ్ము ఖాళీ చేసి, గోడలకు అంటిన గుడ్లు పోయేలా తోమాలి.

డిప్పర్‌కు అందనిదీ ఒకటుంది, మాన్సోనియా దోమపిల్ల. దాని గొట్టం కొస రంపం. గుర్రపుడెక్క వేళ్లలో దాన్ని గుచ్చి, మొక్కలోని గాలినే పీలుస్తుంది. పైకి రాదు. దాన్ని పట్టాలంటే మొక్కను వేళ్లతో సహా పెకలించి, తెల్లని పళ్లెంలో నీళ్లు పోసి జాడించాలి.