మెట్ల మీద షెడ్డు

విదేశాల్లో పిల్లల స్కూటర్లకు పెరట్లో చెక్క షెడ్డు ఉంటుందట. గోడకు కొక్కేలు, వాటికి వరసగా స్కూటర్లు. మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో పెరడంటే పెయింట్ డబ్బాలో మనీప్లాంటు. కాబట్టి షెడ్డు బరువు మెట్లే మోస్తున్నాయి.

మూడో అంతస్తు మలుపులో చూడండి: చక్రం ఊడిన గులాబీ స్కూటరు, గాలి లేని సైకిలు, వాటి మీద ఆరేసిన డోర్‌మ్యాటు. ఫైర్ పైపు ఉండే ఎర్రపెట్టె తలుపుకు ఇంకో స్కూటరు వేలాడుతోంది. దాని ఓనరు ఇప్పుడు బీటెక్ రెండో ఏడాది! తీసెయ్యమంటే వాళ్లమ్మగారు ‘చిన్ననాటి జ్ఞాపకమండీ’ అంటారు. (జ్ఞాపకాన్ని బెడ్‌రూములో పెట్టుకోవచ్చుగా!)

మెట్లదారికి ఏదీ అడ్డం ఉండకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళి ఎప్పుడో చెప్పింది. మంటలొస్తే లిఫ్టు ఎక్కకూడదు, దిక్కు ఆ మెట్లే. అసోసియేషన్ మీటింగులో మాత్రం అరగంట చర్చ: స్కూటరుకు పార్కింగ్ ఛార్జీ వెయ్యాలా, వద్దా అని.

సెక్రటరీగారూ, సెల్లార్ గోడకు నాలుగు కొక్కేలు కొట్టించండి. అంతకంటే ముందు మీ గుమ్మం పక్కనున్న సైకిలు తియ్యండి.