ఎలుకకు షుగరు తగ్గింది!

చోడవరం ప్రజలకు శుభవార్త. షుగరు జబ్బు తగ్గిపోయింది. మీకు కాదు, ఎలుకకి. తెల్ల ఎలుక, విస్టార్ జాతి, బరువు 200 గ్రాములు. దానికి నేరేడు గింజతో తగ్గింది, పొడపత్రితో తగ్గింది, మెంతులతో, కాకరతో, తంగేడు పువ్వుతోనూ తగ్గింది. దశాబ్దాలుగా ఈ దేశపు ప్రయోగశాలల్లో ఏ ఆకు పసరు పోసినా దానికి తగ్గుతూనే ఉంది. తగ్గనిదల్లా గోవాడ చెరకు రైతుకే. ఆయనింకా మందుల షాపు ముందు మెట్‌ఫార్మిన్ చీటీ పట్టుకుని నిలబడ్డాడు.

మా ఊళ్లో స్వయంభూ విఘ్నేశ్వరుడు ఉన్నాడు కాబట్టి పత్రి పేర్లు మాకు కంఠతా. ఆ 21 పత్రుల్లో ప్రయోగశాల మిథనాల్లో నానని ఆకంటూ మిగిలినట్టు లేదు. స్వామికి ఏడాదికి ఒకసారే పత్రి పూజ. ప్రొఫెసరు గారి ప్రమోషనుకి ఏడాది పొడుగునా.

పూజావిధానం సులభం. ఆకు నీడన ఆరబెట్టి పొడి కొట్టాలి. సాక్స్‌లెట్ గొట్టంలో వేసి ముందు పెట్రోలియం ఈథరు, తర్వాత క్లోరోఫాం, చివర మిథనాలుతో సారం దించాలి. అడుగున మిగిలిన జిగురులో ఏమున్నాయో పట్టిక వెయ్యాలి: ఆల్కలాయిడ్లకు ఒక ప్లస్సు, ఫ్లేవనాయిడ్లకు రెండు, టానిన్లకు మూడు. చింతచిగురు వేసినా కొన్ని ప్లస్సులు పడతాయి, ఎవరూ నిరాశపడక్కర్లేదు.

ఇక ఎలుక. దానికి షుగరు ఎక్కడిది? మనమే ఇస్తాం. ఎల్లాక్సాన్ అనే రసాయనం ఎక్కిస్తే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు మాడిపోతాయి. గుంపుకి ఆరు ఎలుకలు. కిలో బరువుకి 200 మిల్లీగ్రాముల సారం ఒక గుంపుకి, 400 ఇంకో గుంపుకి. 200, 400 మాత్రమే ఎందుకని అడక్కండి, సీనియర్ల రికార్డులో అలాగే ఉంది. ఇంతకీ మా రైతుకి ఎవరూ ఎల్లాక్సాన్ సూది వెయ్యలేదు. ఆయన ఒంట్లో ఇన్సులిన్ ఉంది, ఒళ్లు దాని మాట వినడం మానేసింది. ఒక జబ్బు చేసిన ఎలుకకి ఇంకో జబ్బు చేసిన మనిషి పేరు పెట్టి వైద్యం చేస్తున్నాం.

పోనీ, పనిచేస్తుందనే అనుకుందాం. ఎలుక మోతాదుని మనిషికి మార్చడానికి 6.2తో భాగించే లెక్క ఒకటుంది. 400 చొప్పున 70 కిలోల మనిషికి రోజుకి నాలుగున్నర గ్రాముల సారం కావాలి. ఎండుటాకులో పదోవంతు సారం దిగుతుందనుకున్నా 45 గ్రాముల పొడి, రోజూ. పచ్చాకుగా తినాలంటే మేకలతో తగువు పడాలి.

క్యాన్సరుకైతే ఎలుక కూడా అక్కర్లేదు. గాజు పళ్లెంలో కణాలు పెంచి పసరు పోశారు, చచ్చాయి. మర్నాడు జిల్లా పేజీలో 'క్యాన్సర్‌కు అడ్డసరం అడ్డుకట్ట'. గాజు పళ్లెంలో కణాలు చావడానికి అడ్డసరమే కావాలా? బ్లీచింగ్ పౌడరు నీళ్లు చాలు. మా ఇంటి ఆవకాయ ఊట చాలు. మనిషిని వదిలేసి క్యాన్సరునే చంపడం కదా కష్టం! ఆ సంగతి పరిశోధనా వ్యాసం చివరి వాక్యానికి తెలుసు: 'మరిన్ని పరిశోధనలు అవసరం'. ఆ మరిన్ని చేసేదెవరు? ఇంకో కాలేజీవాడు, ఇంకో ఆకుతో.

ఆకుల్లో మందు లేదని కాదు. మన గోడల వారన పూసే బిళ్లగన్నేరు సంగతి చూడండి. జమైకాలో షుగరుకి ఆ ఆకు టీ కాచుకుని తాగుతారని 1950ల్లో కెనడాలోని రాబర్ట్ నోబుల్ అనే వైద్యుడికి ఆకులు పంపారు. ఎలుకలకి నోట్లో పోశాడు. షుగరు తగ్గలేదు. సూదితో ఎక్కించాడు. షుగరు తగ్గలేదు సరికదా, ఎలుకలు చచ్చాయి. ఇక్కడైతే ఆ ఎలుకలు రికార్డులోంచి మాయమై, వాటి స్థానంలో నవనవలాడే అంకెలు మొలిచేవి. ఆ పెద్దమనిషి చావుకి కారణం వెతికాడు. తెల్ల రక్తకణాలు పడిపోయి, ఇన్ఫెక్షను సోకి చచ్చాయి. అయితే తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బుమీద దీన్ని ప్రయోగిస్తే? సహచరుడు చార్లెస్ బీర్ తోడుగా అసలు పదార్థాన్ని విడదీశారు. 1958లో విన్‌బ్లాస్టిన్ లోకానికి తెలిసింది. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్ లేకుండా ఇవాళ పిల్లల్లో ఎక్కువగా వచ్చే బ్లడ్ క్యాన్సరుకి వైద్యం లేదు. ఎలుకకి షుగరు తగ్గకపోబట్టి దొరికిన మందు అది. మనం మాత్రం ఇప్పటికీ పరగడుపున బిళ్లగన్నేరు పువ్వు నములుతున్నాం, షుగరుకే.

చైనాలో తూ యూయూ అనే శాస్త్రవేత్త బృందానికి మలేరియా మందు 191వ నమూనాలో చిక్కింది. ముందరి 190 పనికిరాలేదని ఒప్పుకున్నారు. మనుషులకిచ్చే ముందు తామే మింగి చూశారు. ఆ మందు వంశంలోని మాత్రలే మాడుగుల దాటి పాడేరు ఘాట్ ఎక్కి మన్యానికి వెళుతున్నాయి. మన లాబుల్లో 190 సార్లు ఓడిపోయే భాగ్యం ఎవరికీ లేదు. మొదటి ఆకుకే గెలుస్తాం.

"ఆకే గదేటి బావూ, ఏటవుద్ది?" అంటారు సంతలో మూలికల వాళ్లు. గన్నేరు పప్పు కూడా మొక్కదే, అది తిన్నవాళ్లని అడగడం వీలుపడదు. పాముకాటుకి వాడే ఈశ్వరి వేరు ఉంది కదా, ఆ జాతి మూలికే 1990ల మొదట్లో బెల్జియంలో ఒళ్లు తగ్గించే మాత్రల్లో పడి పదుల మంది కిడ్నీలు తినేసింది. 2021 మేలో కృష్ణపట్నం ఆనందయ్య కోవిడ్ మూలికల మందుకి జనం ఎగబడ్డాక ప్రభుత్వం ఆపింది, పరీక్షలకి పంపింది. కోవిడ్‌ని తగ్గిస్తుందనడానికి ఆధారం లేదు, హాని చేస్తుందనడానికీ లేదు అని నివేదిక వచ్చింది. మే 31న అనుమతి వచ్చింది, కంట్లో చుక్కలకి మాత్రం రాలేదు. హాని లేదన్న కబురే జబ్బు పోతుందన్న హామీగా ఊరూరా చేరింది. ఈ లెక్కన మజ్జిగ కూడా కోవిడ్ మందే.

ఇక మా కామెర్ల పసరు. 2022లో జిల్లా పేరు విశాఖ నుంచి అనకాపల్లికి మారింది గాని, పసరు పోసేవాడు మారలేదు. వాడి సంచిలో నేల ఉసిరి ఉంటుంది, మాటలో లండన్ వైద్య పత్రిక లాన్సెట్ ఉంటుంది. అబద్ధం కాదు. 1988లో మద్రాసు వైద్యులు హెపటైటిస్-బి ఉన్న 37 మందికి నేల ఉసిరి ఇస్తే 22 మంది రక్తంలో వైరస్ గుర్తు పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. మనుషులమీద, పోల్చి చూసి చేసిన పని, దండం పెట్టాలి. 1990లో థాయ్‌లాండ్ వాళ్లు అదే ప్రయోగం చేసి, మాకు పోలేదని అదే పత్రికలో రాశారు.

"లండన్ పేపర్లో పడ్డాది బావూ!" అన్నాడు పసరు గ్లాసు అందిస్తూ.

"రెండేళ్లకి ఇంకోటి కూడా పడ్డాదిట కదా?"

"ఆ యేడు నుంచి పేపరు ఏయించుకోడం మానీసేం బావూ."