చైనా పిల్లోడు

హిందూపురం, మడకశిర, గుడిబండ పక్కల డాక్టరు చదువుకు చైనా పోయొచ్చినవాణ్ని గుర్తుపట్టాలంటే తెల్లకోటు వెతకనక్కర్లేదు. పెళ్ళిపందిట్లో ఎవరూ అడగకముందే కాగితం లాక్కుని, గీతల అక్షరం ఒకటి గీసి, ఏ గీత తర్వాత ఏ గీత రావాలో వివరించేవాడే అతడు. ఊరు అతనికి పెట్టుకున్న పేరు చైనా పిల్లోడు. తను మాత్రం ‘హెచ్‌ఎస్‌కే ఫోర్’ అని పరిచయం చేసుకుంటాడు. విన్నవాళ్ళు అదేదో పెద్ద డిగ్రీ అనుకుంటారు. అతనూ కాదనడు.

హెచ్‌ఎస్‌కే అంటే చైనా ప్రభుత్వం పరదేశులకు పెట్టే భాషా పరీక్ష. ఆరు మెట్ల పద్ధతిలో నాలుగో మెట్టుకు 1200 మాటలు రావాలి. 300 మార్కులకు 180 వస్తే గట్టెక్కినట్టే. అక్కడ మనవాళ్ళు చదివే ఎంబీబీఎస్ ఇంగ్లీషు మీడియమే. కానీ రోగికి ఇంగ్లీషు రాదు గనక, వార్డులోకి పంపేముందు చాలా విశ్వవిద్యాలయాలు ఈ మెట్టు ఎక్కి రమ్మంటాయి. ఇక్కడో మెలిక ఉంది. ఆ పరీక్షలో వినాలి, చదవాలి, రాయాలి. నోరు తెరిచే పని లేదు. మాట్లాడే పరీక్ష వేరే, దాని పేరూ వేరే. మన పిల్లోడికి రెండొందల పైన మార్కులొచ్చాయి. అప్పటికి అతను చైనావాళ్ళతో మాట్లాడింది చాలావరకు క్యాంటీన్లోనే. అక్కడ వేలు చూపిస్తే కూర వస్తుంది, ఫోను చూపిస్తే వీచాట్‌లో డబ్బు పోతుంది. నడుమ మాటకు చోటేదీ?

పైగా హాస్టలు. పక్క మంచం గుంటూరు, ఎదురు గది కరీంనగర్, కింది అంతస్తు విజయవాడ. రైస్ కుక్కరు ఒకటి, ఆవకాయ డబ్బాలు ఆరు. దేశం కాని దేశంలో చైనీస్ కంటే ముందు అతనికి కోస్తా తెలుగు బాగుపడింది. మొదటి సెలవులకు వచ్చినప్పుడు ‘అండీ’ అనడం చూసి అమ్మ హడలిపోయింది.

2018 ప్రాంతంలో పోయినవాళ్ళకు ఇంకో భాగ్యం పట్టింది. 2020 జనవరిలో చైనా కొత్త సంవత్సరం సెలవులకు ఇల్లు చేరినవాళ్ళను కోవిడ్ ఇక్కడే కట్టిపడేసింది. విద్యార్థి వీసాలు మళ్ళీ 2022 ఆగస్టులో గానీ మొదలు కాలేదు. అన్నాళ్ళూ విదేశీ చదువు గుడిబండ మిద్దె మీద సాగింది. బీజింగ్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ ఎనిమిదింటి క్లాసంటే ఇక్కడ తెల్లవారుజామున అయిదున్నర. కింద షెడ్డులో పట్టుపురుగులు నాలుగో జ్వరం (కుబుసం విడిచే నిద్ర) లేచి మల్బరీ ఆకు నములుతుంటాయి. పైన కొడుకు టీచరమ్మ చెప్పినట్టు గొంతు ఎత్తీ దించీ అరుస్తుంటాడు.

‘ఏమిరా, తెల్లారకముందే ఎవురితో కొట్లాట?’ అని నాయన.

ఆకు కోయను రమ్మంటే క్లాసుందంటాడు. క్లాసులో ప్రశ్న పడితే సిగ్నల్ లేదంటాడు.

నిజానికి చైనాతో నాయనకున్న పరిచయం కొడుకు కంటే పాతది. పట్టు పండించడంలో లోకంలో వాళ్ళది మొదటి స్థానం, మనది రెండోది. చైనా పట్టు దారం చవగ్గా దిగినప్పుడల్లా హిందూపురం మార్కెట్టులో గూళ్ళ ధర పడిపోతుందని రైతుల గోడు. ధర్మవరం మగ్గాలవాళ్ళకేమో ఆ దారం తెగకుండా, ఎగుడుదిగుడు లేకుండా వస్తుందని ఇష్టం. ‘వాళ్ళ దారం మన కడుపు కొట్టె, వాళ్ళ కాలేజీ మన జేబు కొట్టె’ అని ఆయన రచ్చబండ దగ్గర ఒక ముక్కలో తేల్చేస్తాడు. ఆర్థికశాస్త్రం చదివినవాళ్ళు ఇంతకంటే పొడుగ్గా చెబుతారు గానీ ఇంతకంటే బాగా చెప్పరు.

అసలు పరీక్ష తిరిగి చైనా పోయాక వార్డులో మొదలైంది. పాఠాల్లో నేర్పేది బీజింగ్ ఉచ్చారణ మీద నిలబెట్టిన పుతోంగ్‌హ్వా. సిచువాన్ పల్లె నుంచి వచ్చిన ముసలమ్మది సిచువాన్ యాస. కడుపు పట్టుకుని ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతుంటే, నేర్చిన 1200 మాటల్లో ఒక్కటీ తగలదు. ఆరో మెట్టు ఎక్కిన ఫస్ట్‌బెంచీ ఘనులు ఫోన్లో అనువాదం వెతుకుతారు. గుడిబండవాడు మాత్రం బెదరలేదు. ఇంట్లో తెలుగు, శిర బస్సెక్కితే కన్నడం, హిందూపురం బజారులో దక్కనీ ఉర్దూ వింటూ పెరిగిన ప్రాణం. సగం అర్థమైతే మిగతా సగం ఎదుటివాళ్ళ మొహంలో వెతుక్కోవడం వాడికి పుట్టుకతో వచ్చిన విద్య. మంచం పక్కన కూర్చున్నాడు. తప్పులతోనే అడిగాడు. ఆమె నవ్వింది, దిద్దింది, తిట్టింది కూడా. అతని చైనీస్ బాగుపడిందంటే అక్కడే, ఆ తిట్లతోనే. కానీ ఊళ్ళో ఈ సంగతి ఎత్తడు. సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి నడింట్లో తగిలించినవాడికి, ముసలమ్మ దగ్గర నేర్చుకున్నానని చెప్పడం నామోషీ.

ఈ దారిలో అతనికంటే ముందు నడిచిన పెద్దమనిషి ద్వారకానాథ్ కోట్నీస్. తెలుగు పద్మశాలీలు మగ్గాలేసుకుని స్థిరపడిన షోలాపూర్ ఆయనది, ఇంటిభాష మరాఠీ. 1938లో కాంగ్రెస్ పంపిన అయిదుగురు డాక్టర్లలో ఒకడుగా చైనా వెళ్ళి, యుద్ధంలో గాయపడ్డవాళ్ళకు వైద్యం చేస్తూనే భాష పట్టి, కెనడా డాక్టరు బెథూన్ పేరిట వెలసిన ఆసుపత్రికి అధిపతి అయ్యారు. అక్కడే గువో చింగ్లాన్ అనే నర్సును పెళ్ళాడి, 1942 డిసెంబరులో 32 ఏళ్ళకే పోయారు. ఆయన ఏ మెట్టూ పాసవలేదు. చైనా పిల్లోడు కోట్నీస్ కథ ఎక్కడ చెప్పినా యుద్ధం త్వరగా దాటేసి పెళ్ళి దగ్గర కాసేపు ఆగుతాడు. అందుకే అమ్మకు ఆ కథ గిట్టదు.

పట్టా పుచ్చుకుని వచ్చాక ఇక్కడ ఇంకో గడప. విదేశాల్లో చదివిన డాక్టర్లకు 2002 నుంచి ఏడాదికి రెండుసార్లు పెట్టే ఎఫ్‌ఎంజీఈలో నెగ్గితేనే ఇక్కడ వైద్యం చేయనిస్తారు. దానికీ మార్కులు 300, నెగ్గడానికి 150 చాలు. పరాయి భాషలో రెండొందలు దాటినవాడు, చదివిన సబ్జెక్టులో 150కి మొక్కుకుంటూ కదిరి నరసింహస్వామి చుట్టూ తిరుగుతున్నాడు.

ఈలోగా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా వాళ్ళు 2019 నుంచి కార్లు తీస్తున్నారు. కొరియావాళ్ళు వచ్చారు, వాళ్ళ తిండికి హోటళ్ళు వచ్చాయి, వాళ్ళ అక్షరాలతో బోర్డులు లేచాయి. అంతే, చైనా పిల్లోడికి ఊళ్ళో గిరాకీ పెరిగింది.

‘మా వానికి కియాలో ఒక మాట చెప్పు అల్లుడూ.’

‘వాళ్ళు కొరియావాళ్ళు మామా. నాకొచ్చింది చైనీసు.’

‘రెండూ పక్కపక్క దేశాలే గదప్పా. నువ్వు శిరకు పోతే కన్నడం మాట్లాడవా ఏమి?’

ఈ వాదానికి అతని దగ్గర జవాబు లేదు. మామ మాట తీసేయలేక పెనుకొండ పోయి, కొరియన్ బోర్డు ముందు నిలబడి, తెలిసిన గీత ఒక్కటైనా ఉందేమోనని కిందా మీదా చూసి, పక్క కొట్టులో టీ తాగి బస్సెక్కాడు. ఆ వారమే ఫోన్లో కొరియన్ పాఠాలు మొదలుపెట్టాడు. కొరియన్ పరీక్ష టోపిక్‌కూ ఆరు మెట్లే. నాలుగైతే తనకు అచ్చొచ్చిన అంకె అంటున్నాడు. ఇంట్లో కూర్చుంటే భాష అబ్బదనీ, సియోల్ పోతేనే నోరు తిరుగుతుందనీ కూడా అంటున్నాడు. మామ అప్పుడే చీటీ పాడేందుకు లెక్కలేస్తున్నాడు. నాయన షెడ్డులో పురుగులు గూళ్ళల్లే చంద్రికలు సర్దుకుంటూ, విమానం ఖర్చు ఎంతో ముందు చెప్పమన్నాడు.