డాక్టరుగారు లేకుండా గుర్రానికి కరెంటు వైద్యం

గుర్రం నడుము పట్టేసిందని మీకు అనిపించిందా? అయితే డాక్టరుగారికి మాత్రం ఫోన్ చేయకండి. వచ్చాడంటే యంత్రం ముట్టుకోడు. గట్టినేల మీద ఓసారి, గుండ్రంగా ఓసారి నడిపిస్తాడు. ఏ కాలు నేల తాకితే తల పైకి ఎగరేస్తోందో చూస్తాడు. గిట్టలు పట్టకారుతో నొక్కుతాడు. చివరికి అసలు నొప్పి ముందరి గిట్టలో ఉందనీ, దాన్ని కాపాడుకోబోయి నడుము బిగుసుకుందనీ తేలుస్తాడు. మనం నడుము కోసం తీసిన యంత్రం ఏం చేసుకోవాలి?

యంత్రం కొననక్కర్లేదు. అమ్మమ్మ మోకాళ్లకి తెచ్చిన టెన్స్ మిషన్ ఉంటుందిగా. అమ్మమ్మ 50 కిలోలు, గుర్రం 400. కాబట్టి నాబ్ ఎనిమిది రెట్లు తిప్పండి. ఈగ వాలినా ఆ ఒక్కచోటే తోలు జలదరించేంత సున్నితమైన ప్రాణి అంటారు. ఈగకే అలా చేస్తే కరెంటుకి ఎలా చేస్తుందో చూడాలని మీకు లేదూ?

వెంట్రుకలు కత్తిరించి, తడిపి, జెల్ రాసి ప్యాడ్లు అంటించాలట. మాది పాతబస్తీలో బరాత్‌లకు వెళ్లే గుర్రం. ఒంటి మీద బోడి మచ్చలుంటే పెళ్లికొడుకు ఊరుకుంటాడా? పొడి బొచ్చు మీదే పెట్టి తాడుతో కట్టేయండి. ఒకచోట అసలు తగలదు, ఇంకోచోట సూదిలా దిగుతుంది. సగటున సరిపోతుంది.

గుండె మీదుగా వద్దు, గొంతు పక్కన వద్దు, చూడి గుర్రం పొట్ట మీద వద్దు, పుండు మీద వద్దు. ఇన్ని వద్దులు వినేవాడు వైద్యం ఎప్పుడు చేస్తాడు?

రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ మొదటి శతాబ్దంలోనే గౌట్ రోగి చేత కరెంటు చేప మీద కాలు పెట్టించాడు. రోగి మనిషే అనుకోండి, గుర్రం కాదు. మనుమంచి భట్టు తెలుగు పద్యాల్లో అశ్వశాస్త్రం రాశాడు గానీ, ఆయన కాలంలో ప్లగ్గు లేదు. చదవకపోయినా నష్టం లేదు.

ఇక మాలీసు. కాళ్లు బాగా పిసకండి. ముందరి మోకాలి కింద గుర్రానికి కండ దాదాపు ఉండదు, అంతా ఎముకా స్నాయువులే. అయినా చేతికి అందేవి అవే కదా.

అన్నిటికన్నా మంచి అదను ఒకటుంది. రెండు రోజులు కదలకుండా దాణా మెక్కిన గుర్రం మూడోనాడు పనికెళ్లి, చెమటలు కారుతూ, వెనక కాళ్లు కర్రల్లా బిగదీసి, డికాక్షన్ రంగు మూత్రం పోస్తే వెంటనే చొక్కా చేతులు మడవండి. కండ రాయిలా ఉంటుంది, మంచి పట్టు దొరుకుతుంది. చితికిన కండలోంచి ఆ రంగు రక్తంలోకి దిగి మూత్రపిండాలను పాడుచేస్తుందట. అడుగు కూడా నడిపించకూడదట, పిసకకూడదట. మా సైసు అదే నమ్మి, నేను లుంగీ ఎగ్గట్టేలోపే డాక్టరుకి ఫోన్ కొట్టాడు. సెలైన్ సీసాలు దింపుతుంటే లెక్కపెడుతూ కూర్చున్నాను. ఆ రోజు నన్ను పిసకనిచ్చి ఉంటే ఆ బిల్లే ఉండేది కాదు.

వైద్యం ఫలిస్తోందని తెలిసేదెలా? చెవులు వెనక్కి అతికించి, తోక విసురుతూ, పళ్లు నూరితే కరెంటు లోపలిదాకా వెళ్తున్నట్టు. తల వాల్చి, కళ్లు సగం మూసి, నోరు చప్పరిస్తుంటే ఏమీ తగలడం లేదన్నమాట. పెంచండి.

మొన్న రెండు ప్యాడ్లలో ఒకటి గుర్రం నమిలేసింది. అమ్మమ్మకి ఇంకా చెప్పలేదు. అప్పట్నుంచి మిగిలిన ఒక్కదానితోనే నడిపిస్తున్నాను. నాబ్ చివరిదాకా తిప్పినా గుర్రం కింది పెదవి వేలాడేసి కునుకు తీస్తోంది. కొత్త మిషన్ కొనాలేమో.